కారులో వచ్చే నావిగేషన్ కోసం లక్షన్నర ఎక్కువ పెట్టాలా, ఫోన్ మ్యాప్ సరిపోతుందా?

గోదారి_వాసు (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండి. నాన్నగారి కోసం కొత్త కారు తీసుకుంటున్నాం. బండి ఖాయమైంది, వేరియంట్ దగ్గర ఆగాం. పై వేరియంట్‌లో కంపెనీ సొంత నావిగేషన్ ఉంది. కింది దాంట్లో అది లేదు గానీ ఫోన్ మ్యాపుని కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రెండూ పనిచేస్తాయి. తేడా లక్షన్నర దాకా ఉంది. ఆ డబ్బులో సన్‌రూఫ్, రంగురంగుల లైట్లు కూడా వస్తాయి, అవి మాకు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఉండే బావ పై వేరియంటే తీసుకోమంటున్నాడు. "మామయ్యగారికి ఫోన్ నొక్కుకోవడం కుదరదు, కారెక్కి ఊరి పేరు చెప్తే అదే తీసుకెళ్లాలి" అని ఆయన పాయింటు. ఫోన్‌లో ఊరికే వచ్చేదానికి డబ్బులెందుకని నాది. మేం ఎక్కువగా వెళ్లేది మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం. అప్పుడప్పుడు అక్కా వాళ్లింటికి హైదరాబాద్. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కదండి, నా భయమల్లా అదే. వాడినవాళ్లు చెప్పండి. షోరూమ్ మాటలు ఆల్రెడీ విన్నాం.

---

పాతకారు_పాపారావు (ఏలూరు)

నాది సెకండ్ హ్యాండ్ బండి. ఎస్‌డీ కార్డు మీద నడిచే నావిగేషన్ డ్యాష్‌బోర్డులోనే ఉంది. మీ రాజమండ్రి–కొవ్వూరు నాలుగో వంతెన 2015లో తెరిచారు. నా కార్డులో మ్యాపు అంతకు ముందుది. వంతెన ఎక్కామా, స్క్రీన్ మీద నా బండి గోదాట్లోకి దిగిపోతుంది. అవతలి ఒడ్డు చేరేదాకా వెనక్కి తిరగమని ఒకటే పోరు. ఆ తమాషా చూడ్డానికే మా ఆవిడ ముందు సీటు వదలదు.

కొత్త మ్యాపు వేయమంటే సర్వీస్ సెంటర్‌లో చెప్పిన ధరకి ఓ మోస్తరు ఫోన్ వచ్చేస్తుంది. వద్దండి, లక్షన్నర దాచుకోండి.

---

క్యాబ్_యాదగిరి (హైదరాబాద్)

వాసు అన్నా, నేను పొద్దున లేస్తే క్యాబ్ మీదనే ఉంట. ఫోన్ మ్యాపు లేకుంటే మా దందా నడువది. ఎందుకంటే మాకు దారి ఎర్కనే, కావాల్సింది ట్రాఫిక్. కూకట్‌పల్లిల జామైందా, ఖైరతాబాద్ కాడ నీళ్లు నిలిచినయా, ఫోన్ల ఎర్రగ కనవడ్తది. మన ముంగట పోయేటోళ్ల జేబులల్ల గూడ అదే యాప్ ఉంటది కదా, వాళ్ల స్పీడ్ తగ్గంగనే రోడ్డు ఎర్రగైతది. కార్ల మ్యాపు వాడేటోళ్లు ఎంతమంది? గంతమందితోని గా లెక్క రాదు.

గానీ ఫోన్‌తోని గూడ ఒక తిప్పలున్నది. ఫ్లైఓవర్లు. బయోడైవర్సిటీ జంక్షన్ కాడ కింద రోడ్డు, దానిమీద ఫ్లైఓవర్, దానిమీద ఇంకోటి. ఎక్కాల్నా, కిందికెల్లి పోవాల్నా అన్నది చెప్పేటాళ్లకు మనం దాటిపోతం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కపొంటి సర్వీస్ రోడ్డు ఉంటది. మనం సర్వీస్ రోడ్డు మీద ఉంటే ఔటర్ మీద ఉన్నమనుకుంటది. ఔటర్ మీద ఎగ్జిట్ తప్పితే మర్లుడు ఉండదు, ఇంకో ఎగ్జిట్ దాక పోవుడే. టోల్ మనది, కస్టమర్ లొల్లి వేరె.

బావ హైదరాబాద్‌లనే ఉంటడు అంటున్నవ్ కదా, ఆయనను రోజు ఆఫీసుకు పోయేటప్పుడు ఏ మ్యాపు చూస్తడో అడుగు 😀

---

విజయ్_గుంటూరు

అందరూ ఫోన్ ఫోన్ అంటున్నారు కాబట్టి రెండోవైపు నేను మాట్లాడతా. నా బండిలో సొంత నావిగేషన్ ఉంది, వాడుతున్నా, హాయిగా ఉంది.

మలుపు బాణం స్టీరింగ్ వెనక మీటర్లోనే కనిపిస్తుంది, తల తిప్పక్కర్లేదు. కాల్ వచ్చినా మ్యాపు పక్కకి పోదు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండకి డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోన్ ఏమవుతుందో అందరికీ తెలుసు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని ఆపిల్ వాళ్లే రాసుకున్నారు. మనకి ఫిబ్రవరి దాటితే 35 ఎక్కడుంది? అద్దం దగ్గర ఎండ, మ్యాపు, ఛార్జింగ్, మూడూ కలిస్తే స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత వేడెక్కిందని మెసేజ్ పెట్టి ఊరుకుంటుంది. కారు స్క్రీన్ ఆ వేడి తట్టుకునేలానే చేస్తారు.

పాపారావు గారిది పాత ఎస్‌డీ కార్డు కాలం. ఇప్పటి వాటిలో సిమ్ లోపలే ఉంటుంది, మ్యాపు దానంతటదే అప్‌డేట్ అవుతుంది.

---

పాతకారు_పాపారావు

» మ్యాపు దానంతటదే అప్‌డేట్ అవుతుంది

ఎన్నేళ్లు? ఉచితంగా ఎన్నేళ్లు, ఆ తర్వాత ఏడాదికి ఎంత? నా పాత కార్డు కూడా అమ్మిన రోజున కొత్తదే కదండీ.

---

శాటిలైట్_బాబాయ్ (బెంగళూరు)

వాసూ, ముందు సిగ్నల్ సంగతి తేల్చేద్దాం. ఘాట్‌లో పోయేది ఫోన్ టవర్ సిగ్నల్. జీపీఎస్ వచ్చేది ఉపగ్రహాల నుంచి, దానికి టవర్‌తో పనిలేదు. ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ గడియారంలో టైమెంతో ప్రసారం చేస్తుంటాయి. మన ఫోన్ వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు వినబడితే ఎక్కడున్నామో లెక్క తేలిపోతుంది. సెకనులో పదిలక్షో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పుతుంది కాబట్టి వాటిలో అణు గడియారాలు పెడతారు.

అంటే నెట్ లేకపోయినా నీ నీలం చుక్క ఘాట్ మలుపుల్లో కదులుతూనే ఉంటుంది. చుక్క కింద ఉండాల్సిన మ్యాపు లేకపోవడమే సమస్య. ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాపు ముందే దించుకుంటే అదీ తీరిపోతుంది. అడవి మధ్యలో ఫోన్ ఆపి మళ్లీ వేస్తే మాత్రం చుక్క దొరకడానికి కొంచెం ఓపిక పట్టాలి. ఉపగ్రహాల కక్ష్య వివరాలు మామూలుగా నెట్ నుంచి వెంటనే వచ్చేస్తాయి. నెట్ లేకపోతే ఉపగ్రహం చెప్పేదాకా ఆగాలి. అది పంపేది సెకనుకు 50 బిట్లే, అర నిమిషమైనా పడుతుంది. చెట్ల కింద ఇంకా ఎక్కువ.

ఇక కారు నావిగేషన్ ఫోన్ కంటే నిజంగా మెరుగయ్యే చోటు సొరంగం. దాని యాంటెన్నా బండి పైకప్పు మీద ఉంటుంది. పైగా చక్రాలు ఎంత తిరిగాయో ఏబీఎస్ సెన్సర్లు చెప్తాయి, బండి ఎటు మళ్లిందో జైరో చెప్తుంది. ఉపగ్రహం కనబడకపోయినా ఇంత దూరం, ఇటువైపు అని లెక్కేసుకుంటూ పోతుంది. ఈ విద్య జీపీఎస్ కంటే పాతది. హోండా 1981లో జపాన్‌లో ఎలక్ట్రో జైరోకేటర్ అనేది అమ్మింది, దానికి ఉపగ్రహాల ఊసే లేదు. 1985లో అమెరికాలో ఇటాక్ కంపెనీ మ్యాపుల్ని క్యాసెట్ టేపుల్లో పెట్టి ఇచ్చింది. జీపీఎస్‌ని కారులోనే అమర్చి అమ్మడం 1990లో మజ్దా యూనోస్ కాస్మోతో మొదలైంది. అప్పట్లో పౌరులు వాడే సిగ్నల్‌ని అమెరికా కావాలనే చెడగొట్టి పంపేది, 2000 మే నెలలో ఆపింది. అందాకా ఉపగ్రహాలనే నమ్ముకుంటే పక్క వీధిలో ఉన్నట్టు చూపించేది, చక్రం లెక్క తోడుండాల్సిందే. ఇప్పుడు బయట ఆకాశం బాగా కనబడే చోట ఫోన్ కూడా ఐదు మీటర్ల లోపు చెప్పేస్తోంది. హిమాచల్‌లో 9 కిలోమీటర్ల అటల్ సొరంగంలో రోజూ తిరిగేవాడికైతే కారుదే కొనమంటాను. మారేడుమిల్లి దారిలో అలాంటి సొరంగం లేదు కదా.

యాదగిరీ, నీ ఫ్లైఓవర్ గొడవకి కారణం కూడా ఉపగ్రహాలున్న చోటే. మనకి వినబడేవన్నీ నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద వైపువి భూమి అడ్డొచ్చి వినబడవు. అందుకే ఎత్తు లెక్కలో తప్పు ఎప్పుడూ ఎక్కువ. వంతెన మీదున్నావో కిందున్నావో ఫోన్‌కీ కష్టమే, కారుకీ కష్టమే. 2024 జులైలో గూగుల్ వాళ్లు మన దేశంలో 40 నగరాల్లో ఫ్లైఓవర్ ముందు హెచ్చరిక, హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో ఇరుకు సందులు తప్పించే పద్ధతి ప్రకటించారు. మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపల్స్ యాప్ అయితే జంక్షన్ బొమ్మే గీసి ఎటెక్కాలో చూపిస్తుంది.

అన్నట్టు, మన దేశంలో చాలా కార్లలో కనిపించే లోపలి మ్యాపు ఈ మ్యాప్‌మైఇండియా వాళ్లదే. 1995 నుంచీ వాళ్ల పని ఇదే. వాళ్ల యాప్ ఫోన్‌లో ఊరికే దొరుకుతుంది. షోరూమ్‌కి వెళ్లినప్పుడు మీ కారులో మ్యాపు ఎవరిదో అడగండి. లక్షన్నరలో ఎంత భాగం మ్యాపుకి, ఎంత భాగం సన్‌రూఫ్‌కి అన్నది అక్కడే తెలిసిపోతుంది.

---

లక్ష్మి_విశాఖ

బాబాయ్ గారూ, పాఠం బాగుందండి, ఇన్నాళ్లూ నెట్ లేకపోతే జీపీఎస్ కూడా పోతుందనే అనుకున్నాను.

విజయ్ గారూ, మీరు పోల్చింది అద్దానికి తగిలించిన ఫోన్‌తో. వాసు గారి కింది వేరియంట్‌లో ఆండ్రాయిడ్ ఆటో ఉంది కదా. ఫోన్ గేర్ దగ్గర నీడలో ఉంటుంది, మ్యాపు కారు పెద్ద స్క్రీన్ మీద కనిపిస్తుంది, కాల్ వచ్చినా పక్కనే చిన్నగా వస్తుంది. మీరు చెప్పినవాటిలో వేడి, కాల్ రెండూ పోయాయి. మీటర్లో బాణం ఒక్కటే మిగిలింది. కొన్ని కార్లలో ఆండ్రాయిడ్ ఆటో బాణం కూడా మీటర్లోకి వస్తోంది. టెస్ట్ డ్రైవ్‌లో చూసుకోవచ్చు.

అరకు వెళ్లినప్పుడల్లా నేను చేసేది ఇదే. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు గొంతు పెట్టుకుంటే అమ్మ కూడా వింటూ "కుడికంటోందే, తిప్పవేం" అని నా మీద అరుస్తుంది. వాసు గారి నాన్నగారికి ఇది ముఖ్యం అనుకుంటా. కారు సొంత గొంతు తెలుగులో మాట్లాడుతుందా లేదా, నాన్నగారు "భద్రాచలం" అని మామూలుగా అంటే దానికి అర్థమవుతుందా, షోరూమ్‌లో ఆయన్నే కూర్చోబెట్టి చెప్పించి చూడండి. సేల్స్ అబ్బాయి చెప్తే ఎప్పుడూ అర్థమవుతుంది!

ఇంకొకటి. ఫోన్ చేత్తో పట్టుకుని మ్యాపు చూస్తే చలానా రాయొచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి వచ్చిన నిబంధనలో దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని ఉంది, డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా. ఒళ్లో పెట్టుకుని చూస్తే ధ్యాస చెదరక మానదు.

---

విజయ్_గుంటూరు

లక్ష్మి గారూ, వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో ఎన్నిసార్లు తెగిపోతుందో కూడా రాయండి మరి. సరిగ్గా మలుపు దగ్గరే స్క్రీన్ నల్లబడుతుంది. కారుదైతే ఆ బాధ లేదు.

---

లక్ష్మి_విశాఖ

వైరు పెట్టుకోండి 🙂

---

డల్లాస్_కిరణ్

పాపారావు గారి "ఎన్నేళ్లు" అన్న ప్రశ్నకి ఇక్కడ జరిగింది చెప్తాను. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ అనే అమెరికా ఫోన్ కంపెనీ తన 3జీ నెట్‌వర్క్ ఆపేసింది. లోపల 3జీ సిమ్ ఉన్న కార్లు చాలా ఉన్నాయి. ఇంజిన్ బాగానే ఉంది, టైర్లు బాగానే ఉన్నాయి, నెట్ మీద నడిచే సౌకర్యాలు మాత్రం పోయాయి. కొన్నిటికి సాఫ్ట్‌వేర్‌తోనో పార్టు మార్చో బాగుచేశారు, కొన్నిటికి దారే లేదు. ఫోన్ అయితే మూడు నాలుగేళ్లకి మనమే మారుస్తాం. కారులో అతికించిన మోడెమ్‌ని ఎవరు మారుస్తారు?

అదే ఏడాది జనవరి 1న ఇంకో వింత. కొన్ని పాత హోండా, అక్యూరా కార్ల నావిగేషన్‌లో గడియారం 2002కి వెళ్లిపోయింది. జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1024 దాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అంటే పంతొమ్మిదిన్నర ఏళ్లకోసారి. ఆ లెక్క దగ్గరే సాఫ్ట్‌వేర్ తడబడిందని అప్పట్లో అనుకున్నారు. పొద్దున్నే కార్లెక్కినవాళ్లకి న్యూ ఇయర్ సరిగ్గా ఇరవై ఏళ్లు వెనక్కి వచ్చింది.

ఇంత జరిగినా ఇక్కడి కంపెనీల చూపు అటే ఉంది. జనరల్ మోటార్స్ వాళ్లు తమ కొత్త ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో తీసేస్తామని 2023లో ప్రకటించారు. టెస్లాలు మొదటి నుంచీ అవి లేకుండానే వస్తున్నాయి. స్క్రీన్ తమ చేతిలో ఉంటే నెలనెలా చందా అడగొచ్చు కదా. వాసు గారూ, మీ కింది వేరియంట్‌లో ఆ రెండూ ఉన్నాయంటే అది తక్కువ వేరియంట్ అని నేను అనుకోను.

---

సీమ_రవి (అనంతపురం)

కిరణన్నా, ఎలక్ట్రిక్ కారు విషయంలో నాది వేరే మాట. ఆ చందా వ్యవహారం నాకూ నచ్చదు గానీ, ఈవీలో కారు మ్యాపుకి ఉన్న తెలివి ఫోన్ మ్యాపుకి రాదు.

నేను అనంతపురం నుంచి బెంగళూరుకు ఈవీలో పోతుంటా. మా ఊరు సముద్రమట్టానికి 350 మీటర్ల లోపే ఉండాది. బెంగళూరు 900 పైన. పోయేటప్పుడు రోడ్డు చూస్తే చదునుగానే అనిపిస్తాది, కానీ బండి ఎక్కుతానే ఉంటాది. మనుషులు, సామాన్లతో కలిపి 1700 కిలోల బండిని 550 మీటర్లు పైకి ఎత్తాలంటే ఉత్త లెక్క ప్రకారమే రెండున్నర యూనిట్ల కరెంటు. 40 యూనిట్ల బ్యాటరీలో అది ఆరు శాతం. వచ్చేటప్పుడు అందులో కొంత తిరిగొస్తాది. అందుకే పోయేటప్పుడు ఒక చోట ఛార్జింగ్ తప్పదు, వచ్చేటప్పుడు ఆగకపోయినా జరుగుతాది.

కారు మ్యాపుకి బ్యాటరీలో ఎంత ఉండాదో, ఏసీ ఎంత తింటాందో ముందే తెలుసు. చేరేసరికి ఇంత మిగులుతాదని చెప్తాది. మధ్యలో ఎదురుగాలి వస్తే ఆ అంకె మారుస్తాది. ఫోన్‌కి ఇవేమీ తెలియవు, కారు చెప్తే తప్ప. ఇంకా చాలా ఈవీల్లో సొంత నావిగేషన్‌లో ఛార్జింగ్ స్టేషన్ పెట్టుకుంటేనే దారిలో బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకుంటాది, అప్పుడే ఫాస్ట్ ఛార్జింగ్ గబగబా ఎక్కేది. ఫోన్ మ్యాపులో పెట్టుకుని పోతే బ్యాటరీకి ఆ కబురే అందదు.

అట్లని కారు చెప్పిన ఛార్జింగ్ స్టేషన్ పనిచేస్తాందో లేదో అది కూడా సరిగ్గా చెప్పలేదు. దానికి మళ్లా ఫోనే తీసి, రివ్యూల్లో నిన్న ఎవరైనా తిట్టినారా అని చూసుకోవాల.

వాసు తమ్ముడూ, నువ్వు కొనేది పెట్రోలా, ఈవీనా?

---

గోదారి_వాసు

పెట్రోలేనండి. రాయడం మర్చిపోయా.

---

సీమ_రవి

అయితే నేను చెప్పింది నీకు అక్కర్లేదు. డబ్బులు మిగుల్చుకో.

---

ఘాట్_రోడ్డు_శీను (మార్కాపురం)

ఏ మ్యాపు మంచిదన్న గొడవలో ఒక సంగతి ఎవరూ రాయలేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. పులుల అభయారణ్యం అది. రాత్రి పదింటికి మ్యాపు ఇంకా మూడు గంటలు అని చూపిస్తుంటే నమ్మి వచ్చి గేటు ముందు పిల్లలతో కారులో పడుకున్నవాళ్లని చూశాను. అడవి రోడ్డు అయితే ముందు ఫారెస్టు వాళ్ల టైములు కనుక్కోండి. నల్లమలలో చాలా దూరం ఫోన్ మోగదు, బండి ఆగితే మ్యాపు ఉన్నా చెప్పుకోడానికి మనిషి దొరకడు.

---

పాతకారు_పాపారావు

అందుకే టీ బంకు దగ్గర అడగమంటాను. అది అప్‌డేట్ అడగదు, చందా అడగదు.

---

క్యాబ్_యాదగిరి

టీ బంక్ కాడ అడిగితే "సీదా పో అన్నా" అంటరు. హైదరాబాద్ల ఎవలను అడిగినా సీదానే. సీదా పోతే మూసీల పడ్తం 😂

---

మోడరేటర్

నవ్వులు చాలు, మళ్లీ విషయానికి వద్దాం. యాదగిరి గారు సరదాకే అన్నా, నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2024 మే నెలలో హైదరాబాద్ నుంచి వెళ్లిన నలుగురు కేరళలో, కోట్టయం జిల్లా కురుప్పంతర దగ్గర, రాత్రిపూట మ్యాపు చూసుకుంటూ పోయి పొంగుతున్న వాగులోకి దిగారు. రోడ్డు మీద నీళ్లు నిండి రోడ్డేదో వాగేదో తెలియలేదు. స్థానికులు, పోలీసులు కలిసి బయటికి లాగారు, అందరూ బతికారు, కారు మునిగింది. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర రామగంగ వంతెన మీంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వంతెన ముందు భాగం అంతకుముందే వరదకి కొట్టుకుపోయింది, మ్యాపులో మాత్రం వంతెన ఉంది. అడ్డంగా గట్టి బారికేడ్ కూడా లేదు.

ఇలాంటి చోట ఫోనా, కారుదా అన్న తేడా లేదు. ఎదురుగా నీళ్లు కనబడుతున్నా, రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయినా బండి ఆపి దిగి చూడండి, ముఖ్యంగా వానాకాలం రాత్రిళ్లు. సభ్యులందరికీ నా విన్నపం ఇది.

---

శాటిలైట్_బాబాయ్

మోడరేటర్ గారి మాటకి ఒక చిన్న చేర్పు. కొత్త రోడ్లు ఏ మ్యాపులోకి ముందొస్తాయన్నది కూడా చూడాలి. వాసూ, మీ వైపు ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే లాంటివి వచ్చినప్పుడు, వేలమంది ఫోన్లు ఒక కొత్త గీత మీద కదలడం కనబడితే ఫోన్ మ్యాపు వాళ్లకి అక్కడ రోడ్డుందని అనుమానం వస్తుంది. కారు మ్యాపు తర్వాతి అప్‌డేట్ దాకా ఆగాల్సిందే. మూసేసిన రోడ్డు తెలియడం మాత్రం ఇద్దరికీ కష్టమే. బండ్లు పోవట్లేదంటే రోడ్డు మూశారా, అర్ధరాత్రి కాబట్టి ఖాళీగా ఉందా? మ్యాపుకి ఆ తేడా కనిపించదు.

ఇంకో సలహా, దీనికి మ్యాపుతో సంబంధం తక్కువే. కొన్ని కార్ల ముందు అద్దంలో ఎండ ఆపడానికి పలచని లోహపు పూత ఉంటుంది. దాని వెనక ఫోన్ పెడితే జీపీఎస్ బలహీనపడుతుంది, ఫాస్టాగ్ కూడా టోల్ దగ్గర చదవదు. ఆండ్రాయిడ్ ఆటో పెట్టుకుంటే కొన్ని కార్లు తమ పైకప్పు యాంటెన్నా లెక్కని ఫోన్‌కి ఇస్తాయి, అప్పుడు ఆ ఇబ్బంది ఉండదు.

---

విజయ్_గుంటూరు

సరే బాబాయ్ గారూ, పెట్రోల్ బండికి, అందులోనూ ఆండ్రాయిడ్ ఆటో ఉంటే, లక్షన్నర ఎక్కువే అని ఒప్పుకుంటా. అదే ధరకి నావిగేషన్ వస్తుంటే మాత్రం వద్దనుకోవడం ఎందుకు? ఫోన్ ఇంట్లో మర్చిపోయిన రోజు పనికొస్తుంది. ఎప్పుడైనా బండి అమ్మేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం మర్చిపోకండి. నేను కొన్న సెకండ్ హ్యాండ్ బండిలో పాత ఓనర్ ఇల్లు, ఆఫీసు, అత్తగారిల్లు అన్నీ సేవ్ అయి ఉన్నాయి.

---

గోదారి_వాసు

అందరికీ థాంక్స్ అండి. నిన్న నాన్నగారిని షోరూమ్‌కి తీసుకెళ్లా. లక్ష్మి గారు చెప్పినట్టు పై వేరియంట్‌లో కూర్చోబెట్టి "భద్రాచలం" అనిపించాం. మూడోసారికి అందుకుంది గానీ, అప్పటికే నాన్నగారు విసుక్కుని ఏసీ పెంచమన్నారు, దానికి పాట పెట్టింది. మ్యాపు ఎవరిదని అడిగితే సేల్స్ అబ్బాయికి తెలియలేదు, మేనేజర్ వచ్చి బాబాయ్ గారు చెప్పిన పేరే చెప్పాడు. ఉచిత గడువు అయ్యాక ఏడాదికి ఎంతో మాత్రం "అప్పటికి చూద్దాం సార్" అన్నారు.

కింది వేరియంట్ బుక్ చేశాం. బావకి ఫోన్ చేసి చెప్తే, ఆయన ఆఫీసుకెళ్లేది ఫోన్ మ్యాపుతోనే అని అక్క వెనకనుంచి చెప్పేసింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. మారేడుమిల్లికి మ్యాపు దించుకోవాలంటే ఎంత ప్రాంతం తీసుకోవాలండి, భద్రాచలం దాకా ఒకటే ముక్కగా వస్తుందా?

---

లక్ష్మి_విశాఖ

వస్తుందండి. ఆఫ్‌లైన్ మ్యాపుల్లోకి వెళ్లి మీ సొంత మ్యాపు ఎంచుకోమన్న చోట చతురస్రం వస్తుంది. దాన్ని రాజమండ్రి నుంచి భద్రాచలం దాటేదాకా లాగండి. కొంచెం ఎక్కువే తీసుకోండి, జంగారెడ్డిగూడెం వైపు నుంచి తిరిగి రావాల్సి వచ్చినా పనికొస్తుంది. దానికి గడువుంటుంది, ప్రయాణం ముందురోజు వైఫైలో ఒకసారి అప్‌డేట్ కొట్టండి. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ రంగులు రావు, అవి లేవని నాన్నగారు కంగారు పడకుండా ముందే చెప్పండి.